గర్భసంచి తీయించే ముందు ఇంటివాళ్లు తెలుసుకోవలసిన సంగతులు

మా ఆసుపత్రిలో ఆడవారి ఓపీ ముందు బెంచీల మీద కూర్చున్న బంధువులు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఒకటుంది. "సిస్టరమ్మా, పిల్లలు పుట్టేశారు, పిల్లల ఆపరేషన్ కూడా అయిపోయింది. ఇక ఆ సంచితో పనేముంది? తీసేస్తే ఒక గొడవ వదిలిపోతుంది కదా?" అడిగేది భర్త కావచ్చు, అత్తగారు కావచ్చు, ఒక్కోసారి కన్నతల్లి కూడా కావచ్చు. ప్రేమ లేక అడిగే మాట కాదది. నెలనెలా మూలిగే మనిషిని చూడలేక, కూలి పోగొట్టుకుని డాక్టర్ల చుట్టూ తిరగలేక అడుగుతారు. బాధ పడుతున్న ఆవిడ మాత్రం బెంచీ చివర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుని ఉంటుంది. ఆమె ఏమీ అడగదు.

నేను డాక్టరును కాను. నర్సింగ్ డిప్లొమా చదివి, ఇరవై ఏళ్లకు పైగా ఎక్కువ భాగం ఆడవారి వార్డులోనే పని చేసినదాన్ని. ఏ రోగికి ఏ వైద్యం అనేది డాక్టరే చెప్పాలి. అయితే డాక్టరు గదిలోకి వెళ్లే ముందే ఇంటి దగ్గర సగం నిర్ణయం జరిగిపోతుంది కాబట్టి, ఆ నిర్ణయం చేసే మీతోనే ఈ నాలుగు మాటలు చెబుతున్నాను.

మన ప్రాంతంలో ఈ ఆపరేషన్ ఎంత ఎక్కువో ముందు వినండి. 2015-16లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుండి 49 ఏళ్ల మధ్య వయసున్న ఆడవారిలో నూటికి సుమారు 3 మందికి గర్భసంచి తీసేశారు. ఆంధ్రప్రదేశ్‌లో ఆ లెక్క నూటికి దాదాపు 9. తెలంగాణలో దాదాపు 8. అంటే దేశం మొత్తం సగటుకు రెండు మూడు రెట్లు. మన ఆడవారి శరీరాలు వేరే విధంగా ఏమీ లేవు. జబ్బులూ అవే. ఆపరేషన్లే ఎక్కువ. దేశం మొత్తం మీద ఇలా తీయించుకున్నవారిలో సగం మందికి అప్పటికి 35 ఏళ్లు కూడా నిండలేదు.

ఇద్దరి సంగతి

పేర్లు, ఊర్లు చెప్పను. ఒకావిడ 36 ఏళ్ల వయసులో నడుము నొప్పి, కీళ్ల నొప్పులు అని మా దగ్గరకు వచ్చింది. రాత్రిళ్లు ఉన్నట్టుండి ఒంట్లోంచి ఆవిర్లు వచ్చి, చెమటలు పట్టి నిద్ర పట్టడం లేదంది. చిన్న మాటకే ఏడుపు వస్తోందంది. మిరప కోతకు వెళ్లే మనిషి బిందె కూడా ఎత్తలేకపోతోంది. పాత కాగితాలు తీయిస్తే, నాలుగేళ్ల క్రితం, అంటే 32 ఏళ్లకే, గర్భసంచితో పాటు రెండు అండాశయాలు కూడా తీసేసినట్టు రాసి ఉంది. ఎందుకు తీశారమ్మా అంటే, "తెల్లబట్ట అవుతుంటే చూపించాం. సంచికి పుండు పడింది, వదిలేస్తే క్యాన్సరు అవుతుంది అన్నారు" అంది. ఆ మాట విన్న రాత్రే వాళ్లాయన అప్పు తెచ్చాడట. పాప్ స్మియర్ పరీక్ష చేశారా అని అడిగితే, అదేమిటో ఆమెకు తెలియదు.

రెండో ఆవిడకు 56 ఏళ్లు. ముట్టు ఆగిపోయి ఆరేళ్లయింది. మళ్లీ కొద్ది కొద్దిగా బట్ట మీద మరకలు కనిపించడం మొదలైంది. ఈ వయసులో ఇదేం సిగ్గు అని ఎనిమిది నెలలు ఎవరికీ చెప్పలేదు. కోడలు బట్టలు ఉతుకుతూ చూసి తీసుకొచ్చింది. అప్పటికి గర్భసంచి ముఖద్వారం క్యాన్సరు పక్కలకు పాకింది. ఆపరేషన్ చేసే దశ దాటిపోయి, రేడియేషన్ కోసం పెద్ద ఆసుపత్రికి పంపవలసి వచ్చింది.

ఒకరికి అక్కరలేని ఆపరేషన్ జరిగింది. ఇంకొకరికి అవసరమైన పరీక్ష సమయానికి జరగలేదు. మా వార్డులో ఈ రెండు రకాల వాళ్లూ పక్కపక్క మంచాల మీద ఉంటారు. ఇద్దరి విషయంలోనూ మొదట్లో చేయవలసింది చిన్న పరీక్షే.

సంచి అంటే ఒట్టి సంచి కాదు

గర్భసంచి పిల్లల్ని మోయడానికే, ఆ పని అయిపోతే అది ఖాళీ సంచి అని చాలామంది అనుకుంటారు. దానికి అటూ ఇటూ అండాశయాలు అనే రెండు చిన్న గ్రంథులు ఉంటాయి. ఇవి నెలనెలా అండాన్ని విడుదల చేయడమే కాకుండా ఈస్ట్రోజన్ అనే హార్మోన్‌ను తయారు చేస్తాయి. ఎముకలలో బలం నిలవడానికి, గుండె రక్తనాళాల ఆరోగ్యానికి, నిద్రకు, మనసు స్థిమితానికి ఆ హార్మోన్ కావాలి. మామూలుగా 45 నుండి 50 ఏళ్ల మధ్య ముట్టు ఆగే వరకు అండాశయాలు ఈ పని చేస్తూనే ఉంటాయి. 32 ఏళ్లకే రెంటినీ తీసేస్తే, పదిహేనేళ్ల తర్వాత రావలసిన మార్పు ఒక్క రాత్రిలో వచ్చి పడుతుంది. మొదటి ఆవిడకు జరిగింది అదే.

అండాశయాలు ఉంచి గర్భసంచి మాత్రమే తీసినా, వాటికి వెళ్లే రక్తం కొంత తగ్గడం వల్ల కొందరిలో అవి కొన్నేళ్లు ముందే పని తగ్గించేస్తాయి. కాబట్టి వయసులో ఉన్నవారికి ఈ ఆపరేషన్ చేయవలసి వస్తే, అండాశయాలు ఉంచుతారా, తీస్తారా, తీస్తే ఎందుకు అన్నది ముందుగానే అడిగి తెలుసుకోండి. తీయక తప్పని కారణాలు కొన్ని ఉంటాయి. ఆ కారణం మాత్రం మీకు తెలిసి ఉండాలి.

తెల్లబట్ట

మా ఓపీకి వచ్చే వారిలో చాలామంది మొదట చెప్పేది ఇదే. "వేడి చేసింది సిస్టర్" అంటారు. "ఎముకలు కరిగి పోతున్నాయి, అందుకే నడుము నొప్పి" అంటారు. ఎముకలు ఆ దారిన కరిగి పోవు. నెలసరికి నెలసరికి మధ్య రోజుల్లోనూ, గర్భిణిగా ఉన్నప్పుడూ వాసన, దురద లేకుండా నీళ్లలాగానో, గుడ్డు సొనలాగానో కొంత తెలుపు కావడం సహజం. దానికి మందు అక్కరలేదు.

పెరుగు విరిగినట్టు ముద్దగా వచ్చి దురద పెడుతుంటే సాధారణంగా అది ఫంగస్. మాటిమాటికీ అలా వస్తుంటే షుగరు పరీక్ష చేయించాలి. ఈ ఒక్క కారణంతో వచ్చి షుగరు ఉన్నట్టు మొదటిసారి తెలుసుకున్నవారు మా దగ్గర ఎందరో. పలుచగా, చేపల వాసనతో ఉంటే అది బాక్టీరియా వల్ల. పసుపు, ఆకుపచ్చ రంగుల్లో నురగగా వస్తే అది భార్యాభర్తల మధ్య ఒకరి నుండి ఒకరికి అంటే జబ్బు కావచ్చు. అప్పుడు భర్త కూడా మందులు వాడాలి. ఈ మాట చెబితే కొందరు మగవాళ్లకు కోపం వస్తుంది. భార్య ఒక్కతే మందులు మింగితే పది రోజులు తగ్గి మళ్లీ మొదలవుతుంది, అంతే. ఏ రకానిదైనా ఎక్కువ భాగం వారం రెండు వారాల మాత్రలతో తగ్గేదే. లోపల డెట్టాల్ నీళ్లతో, సబ్బుతో కడగవద్దు. మేలు చేసే సూక్ష్మజీవులు కూడా పోయి జబ్బు పెరుగుతుంది.

ఇక "పుండు" అనే మాట. గర్భసంచి ముఖద్వారం దగ్గర లోపలి ఎర్రని పొర కొంచెం బయటకు కనబడడాన్ని ఎరోజన్ అని రాస్తారు. చూడటానికి ఎర్రగా పుండులా ఉంటుంది గానీ పుండు కాదు. పిల్లలు పుట్టినవారిలో, గర్భనిరోధక మాత్రలు వాడేవారిలో తరచు కనిపిస్తుంది. దానంతట అది క్యాన్సరుగా మారదు. ఆ మాట ఎవరైనా అంటే, "సరేనండీ, ముందు పాప్ స్మియర్ చేయండి" అనండి. ఆ పరీక్షలో తేడా ఉంటేనే తర్వాతి మాట.

రక్తం ఎక్కువ పోవడం

నెలసరి 21 నుండి 35 రోజులకోసారి వచ్చి రెండు నుండి ఏడు రోజులు ఉంటే సహజమే. ఎక్కువ పోతోందా లేదా అన్నది ఇంట్లోనే గుర్తించవచ్చు. గంట రెండు గంటలకే ప్యాడ్ లేదా గుడ్డ మార్చవలసి రావడం, రాత్రి లేచి మార్చుకోవడం, పెద్ద పెద్ద గడ్డలు పడటం, ఎనిమిది రోజులు దాటినా ఆగకపోవడం, ఈ లక్షణాలుంటే చూపించాలి. మెట్లెక్కితే ఆయాసం, ముఖం పాలిపోవడం, మట్టి, బియ్యం తినాలనిపించడం కూడా రక్తం తగ్గిన గుర్తులే.

హిమోగ్లోబిన్ 12 గ్రాములు ఉండాలి. 2019-21 నాటి సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో ఈ వయసు ఆడవారిలో నూటికి 58 మందికి పైగా, తెలంగాణలో 57 మందికి పైగా రక్తహీనతతో ఉన్నారు. మా వార్డులో 5 గ్రాములతో నడిచి వచ్చినవారిని చూశాను. ఇంటి పని, పొలం పని మానకుండానే వచ్చారు! "కొంచెం నీరసం, అంతే" అంటారు. బెల్లం, తోటకూర, రాగి జావ మంచివే, పెట్టండి. కానీ 6 గ్రాములున్న మనిషికి ఒట్టి బెల్లంతో రక్తం పట్టదు. ఐరన్ మాత్రలు వాడాలి. నిమ్మరసంతోనో, జామకాయ తిన్న తర్వాతో వేసుకుంటే ఒంటికి బాగా పడుతుంది, టీ కాఫీలతో వేసుకుంటే పట్టదు. విరేచనం నల్లగా అయితే భయపడి మానేయవద్దు. రక్తం మామూలు స్థాయికి వచ్చాక కూడా మూడు నెలలు వాడాలి. మాత్రలు పడనివారికి నరం ద్వారా ఐరన్ ఎక్కిస్తారు.

రక్తం ఎక్కువ పోవడానికి కారణాలు చాలా ఉన్నాయి. హార్మోన్ల హెచ్చుతగ్గులు, థైరాయిడ్, గర్భసంచిలో ఫైబ్రాయిడ్ గడ్డలు లేదా పాలిప్‌లు, గర్భసంచి కండరంలోనే పొర పెరిగే అడినోమయోసిస్, కొందరిలో కాపర్ టీ, అరుదుగా రక్తం గడ్డకట్టని జబ్బులు, వయసు పైబడినవారిలో క్యాన్సరు. అందుకే డాక్టరు రక్త పరీక్ష, థైరాయిడ్, గర్భం ఉందో లేదో చూసే మూత్ర పరీక్ష, స్కానింగ్ రాస్తారు. 45 దాటినవారికి, అంతకన్నా చిన్న వయసైనా మందులకు తగ్గనివారికి, లోపలి పొర నుండి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతారు. ఈ ముక్క పరీక్షను చాలామంది వద్దంటారు. "ముక్క తీస్తే జబ్బు పాకుతుంది" అన్న మాట నిజం కాదు. ఆ పరీక్ష చేయకుండా గర్భసంచి తీయిస్తే, లోపల క్యాన్సరు ఉన్న సంగతి ఆపరేషన్ అయ్యాక గానీ తెలియదు. అప్పుడు రెండోసారి పెద్ద ఆపరేషన్ చేయవలసి రావచ్చు.

కారణాన్ని బట్టి వైద్యం. నెలసరి రోజుల్లో మాత్రమే వాడే ట్రానెగ్జామిక్ ఆమ్లం మాత్రలు రక్తాన్ని బాగా తగ్గిస్తాయి. మెఫెనమిక్ ఆమ్లం నొప్పినీ, కొంతవరకు రక్తాన్నీ తగ్గిస్తుంది. హార్మోన్ మాత్రలు కొన్ని నెలలు వాడితే చాలామందికి సర్దుకుంటుంది. థైరాయిడ్ ఉంటే దానికి మందు వేసుకుంటేనే చాలు. వీటికి తోడు ఇంకొకటి ఉంది, మన వైపు దాని గురించి తెలిసినవారు తక్కువ. కాపర్ టీ లాగా గర్భసంచిలో అమర్చే హార్మోన్ లూప్ అది. కొద్ది కొద్దిగా హార్మోన్ విడుదల చేస్తూ ఐదేళ్లు, అంతకు మించి కూడా పని చేస్తుంది. మొదటి మూడు నుండి ఆరు నెలలు మధ్య మధ్య మరకలు కనిపించి విసుగు పుట్టిస్తుంది. చాలామంది అప్పుడే తీయించేసుకుంటారు. ఓపిక పట్టినవారిలో చాలామందికి రక్తస్రావం బాగా తగ్గిపోతుంది, ఆపరేషన్ అవసరమే రాదు. పాలిప్ అయితే దుర్బీనుతో దానినొక్కదాన్నే తీసేయవచ్చు. పిల్లలు కావలసినవారికి ఫైబ్రాయిడ్ గడ్డలు మాత్రమే తీసి గర్భసంచిని ఉంచవచ్చు.

ఈ మందులు ఒక నెల వాడి తగ్గలేదని మానేస్తే, పని చేశాయో లేదో తెలియదు. కనీసం మూడు నెలలు చూడాలి. మూడు నెలల మాత్రల ఖర్చు, మందుల షాపుకు తిరగడం కన్నా ఒకేసారి ఆపరేషన్ చేయించడం నయం అని మీకనిపించవచ్చు. ప్రభుత్వ ఆరోగ్య కార్డు ఉంది కదా, పొలం పనులు లేని రోజుల్లో చేయించేద్దాం అనీ అనిపించవచ్చు. కార్డు ఖర్చుకు సాయపడుతుంది. ఆపరేషన్ అవసరమా కాదా అన్నది కార్డు చెప్పదు.

స్కానింగ్ కాగితంలోని మాటలు

స్కానింగ్ రిపోర్టు చేతికి రాగానే బంధువులు దాన్ని పట్టుకుని, ఊళ్లో చదువుకున్న కుర్రాడితో చదివిస్తారు. "బల్కీ యుటెరస్" అని ఉంటుంది. సంచి వాచిపోయింది అని అర్థం చెప్పేస్తారు. ఇద్దరు ముగ్గురు పిల్లల్ని కన్న గర్భసంచి కొంచెం పెద్దదిగా ఉండటంలో వింతేమీ లేదు. ఆ మాట ఒక్కటే జబ్బు కాదు. "నాబోతియన్ సిస్ట్" అని ఉంటుంది. ముఖద్వారం దగ్గర చిన్న నీటి బుడగలవి, హాని లేనివి. అండాశయంలో "సింపుల్ సిస్ట్" అని, 5 సెం.మీ. లోపు ఉంటే, నెలసరి వస్తున్న వయసువారిలో చాలావరకు రెండు మూడు నెలల్లో దానంతట అదే పోతుంది. మళ్లీ స్కానింగ్ చేసి చూస్తే చాలు.

"ఫైబ్రాయిడ్" అంటే కండరపు గడ్డ. అది క్యాన్సరు కాదు, క్యాన్సరు ఉండటం చాలా చాలా అరుదు. చాలామంది ఆడవారిలో ఫైబ్రాయిడ్‌లు ఉంటాయి, వారికి ఆ సంగతే తెలియదు. ముట్టు ఆగాక సాధారణంగా కుంచించుకుపోతాయి. రక్తం ఎక్కువ పోవడం, మూత్రాశయం మీద ఒత్తిడి, నొప్పి, త్వరత్వరగా పెరగడం, ముట్టు ఆగిన తర్వాత కూడా పెరగడం, వీటిలో ఏదైనా ఉంటేనే దాని గురించి ఆలోచించాలి. మరి రిపోర్టులో రాసిన మాటకు వైద్యం చేయాలా, మనిషి బాధకు చేయాలా? రిపోర్టును డాక్టరు మనిషితో కలిపి చదవాలి, దుకాణం దగ్గర కాదు.

కిందికి జారడం

గర్భసంచి జారి కిందికి రావడం చిన్న వయసులో వరుస కాన్పులు అయినవారిలో, బాలింత రోజుల్లోనే బరువులు ఎత్తినవారిలో, ఏళ్ల తరబడి దగ్గు, మలబద్ధకం ఉన్నవారిలో ఎక్కువ. కూర్చుంటే అడ్డం తగులుతోందని, దగ్గితే మూత్రం పడుతోందని చెబుతారు, అదీ ఎన్నో ఏళ్ల తర్వాత. మొదటి దశలోనే వస్తే కటి కండరాల వ్యాయామం నేర్పిస్తాము. మూత్రాన్ని ఆపుకునేటప్పుడు బిగించే కండరాలను బిగించి ఐదారు సెకన్లు ఉంచి వదలడం, పూటకు పదిసార్లు చొప్పున. మూడు నాలుగు నెలలు చేస్తే తేడా తెలుస్తుంది. ఆపరేషన్‌కు గుండె, ఊపిరితిత్తులు సహకరించని పెద్దవారికి రింగు అమర్చుతారు. దాన్ని డాక్టరు చెప్పిన గడువుకు తీసి శుభ్రం చేయించాలి. బాగా జారిపోయినవారికి ఆపరేషనే మార్గం. ఇక్కడ ఆపరేషన్ తొందరపాటు కాదు, ఏళ్లు దాచిపెట్టి బాధ పడటమే తప్పు.

పది నిమిషాల పరీక్ష

క్యాన్సరు భయంతోనే చాలామంది గర్భసంచి తీయించుకుంటారని చెప్పాను. ఆ భయం లేనిపోనిది కాదు. 2022లో మన దేశంలో సుమారు 1 లక్షా 27 వేల మందికి గర్భసంచి ముఖద్వారం క్యాన్సరు కొత్తగా బయటపడింది, దాదాపు 80 వేల మంది చనిపోయారు. కానీ క్యాన్సర్లలో ఇంత ముందుగా పట్టుకోగలిగినది, ఇంత తేలికగా ఆపగలిగినది ఇంకొకటి లేదు.

దీనికి కారణం హెచ్‌పీవీ అనే వైరస్. ఈ సంగతి కనిపెట్టినందుకే జర్మనీ శాస్త్రవేత్త హెరాల్డ్ జుర్ హౌసెన్‌కు 2008లో నోబెల్ బహుమతి వచ్చింది. కాపురం చేసే ఆడవారిలో చాలామందికి ఈ వైరస్ ఎప్పుడో ఒకప్పుడు సోకుతుంది. ఎక్కువమందిలో ఒకటి రెండేళ్లలో దానంతట అదే పోతుంది. కొద్దిమందిలో మాత్రం నిలిచిపోయి ముఖద్వారం కణాలను మెల్లగా మారుస్తుంది. ఆ మార్పు క్యాన్సరుగా ముదరడానికి సాధారణంగా పది పదిహేనేళ్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. ఆ పదిహేనేళ్లలో నొప్పి ఉండదు, మరక ఉండదు, ఏ లక్షణమూ ఉండదు. అందుకే బాగున్నప్పుడే పరీక్ష చేయించాలి.

పరీక్షలు మూడు రకాలు. పాప్ స్మియర్‌లో చిన్న బ్రష్‌తో కణాలు తీసి సూక్ష్మదర్శినిలో చూస్తారు. హెచ్‌పీవీ పరీక్షలో వైరస్ ఉందేమో చూస్తారు. మూడోది వయా పరీక్ష. వంటింట్లో వాడే వెనిగర్ లాంటి పలుచని ఎసిటిక్ ఆమ్లాన్ని ముఖద్వారానికి అద్ది ఒక నిమిషం ఆగి చూస్తారు. మారిన కణాలు ఉన్నచోట తెల్లగా కనబడుతుంది. ముట్టు ఆగినవారిలో ఇది అంత నమ్మదగింది కాదు, వారికి మిగతా రెండూ మంచివి. ఈ వయా పరీక్షను తక్కువగా చూడకండి. ముంబయిలో టాటా మెమోరియల్ ఆసుపత్రి వారు మురికివాడల్లో దాదాపు లక్షన్నర మంది ఆడవారి మధ్య ఒక అధ్యయనం చేశారు. పదో తరగతి చదివిన ఆడపిల్లలకు శిక్షణ ఇచ్చి, రెండేళ్లకోసారి ఈ పరీక్ష చేయించారు. పన్నెండేళ్ల తర్వాత చూస్తే, పరీక్ష చేసిన చోట ఈ క్యాన్సరు మరణాలు 31 శాతం తగ్గాయి. ఆ ఫలితాన్ని 2013లో ప్రకటించారు. నర్సుగా ఆ సంగతి తెలిసిన రోజు నాకు ఎంత సంతోషం కలిగిందో చెప్పలేను.

ప్రభుత్వ కార్యక్రమం ప్రకారం 30 నుండి 65 ఏళ్ల మధ్య ఐదేళ్లకోసారి పరీక్ష చేయించాలి. హెచ్‌ఐవీ ఉన్నవారు ఇంకా ముందుగా, ఇంకా తరచుగా చేయించాలి. కణాల్లో మార్పు కనబడితే, ఆ చోటును మాత్రమే వేడితోనో, చల్లదనంతోనో మాడ్చేస్తారు, లేదా కొంచెం కోసి తీస్తారు. గర్భసంచి తీయనక్కరలేదు, ఆ రోజే ఇంటికి వెళ్లిపోవచ్చు. ఆడపిల్లలకు 9 నుండి 14 ఏళ్ల మధ్య ఈ వైరస్‌కు టీకా వేయించవచ్చు. పుణెలోని సీరమ్ సంస్థ మన దేశంలోనే తయారు చేసిన టీకాను 2022లో ప్రకటించారు. "పెళ్లి కాని పిల్లకు ఇదేం టీకా" అని కొందరు ముఖం ముడుచుకుంటారు. కాపురానికి ముందు వేస్తేనే అది బాగా పని చేస్తుంది. టీకా వేయించుకున్నవారు కూడా 30 దాటాక పరీక్ష మానకూడదు.

ఆపరేషన్ నిజంగా కావలసినప్పుడు

ఇంత చెప్పానని ఆపరేషన్ అంటేనే పారిపోకండి. క్యాన్సరు ఉన్నప్పుడు, మందులూ లూప్ కూడా పని చేయక రక్తం కారిపోతున్నప్పుడు, పెద్ద గడ్డలు మూత్రాశయాన్ని నొక్కుతున్నప్పుడు, బాగా జారిపోయినప్పుడు, కాన్పులో రక్తం ఆగక ప్రాణం మీదికి వచ్చినప్పుడు గర్భసంచి తీయడమే సరైన వైద్యం. ఆపరేషన్ తర్వాత ముఖంలో రక్తం పట్టి, "ఇన్నేళ్లు ఎందుకు ఆగానో" అన్నవాళ్లూ మాకు ఎందరో ఉన్నారు.

కాబట్టి ఎవరైనా గర్భసంచి తీయాలి అన్నప్పుడు మర్యాదగా అడగండి. జబ్బు పేరు ఏమిటి? దానికి ఏ పరీక్ష చేశారు? మందులతో చూడవచ్చా, చూస్తే ఎన్నాళ్లు? అండాశయాలు ఉంచుతారా? ఇంకొక డాక్టరుకు చూపిస్తామంటే ఎవరినీ అవమానించినట్టు కాదు. 2022లో కేంద్ర ఆరోగ్య శాఖ అనవసరంగా గర్భసంచి తీయడాన్ని ఆపడానికి మార్గదర్శకాలు ఇచ్చింది. 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆ మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు చేయాలని రాష్ట్రాలన్నిటినీ ఆదేశించింది. ఏ ఆపరేషన్‌కైనా రోగి తాను విని, అర్థం చేసుకుని సంతకం పెట్టాలి. ఆమె తరఫున మీరు పెట్టే సంతకం చాలదు.

ఆపరేషన్ అయ్యాక ఆరు వారాలు బిందెలు, మూటలు ఎత్తకూడదు, భార్యాభర్తలు దూరంగా ఉండాలి. నడవడం మాత్రం మర్నాటి నుండే మొదలుపెట్టాలి, పడుకోబెట్టి ఉంచకండి. తర్వాత కాపురానికి పనికిరారని కొందరు మగవాళ్లు అనుకుంటారు, అది తప్పు. తీసిన గర్భసంచిని ముక్క పరీక్షకు పంపుతారు. ఆ రిపోర్టు అడిగి తీసుకుని, డిశ్చార్జి కాగితంతో కలిపి ప్లాస్టిక్ కవరులో దాచండి. పదేళ్ల తర్వాత ఏ డాక్టరుకు చూపినా ముందు అడిగేది అదే.

కొన్నిటికి మాత్రం రేపు ఎల్లుండి అని ఆగవద్దు. ముట్టు ఆగి ఏడాది దాటాక ఒక్క చుక్క రక్తం కనబడినా, భార్యాభర్తలు కలిసినప్పుడు రక్తం వచ్చినా, గంటకో ప్యాడ్ తడిసిపోతూ కళ్లు తిరుగుతున్నా వెంటనే రండి. నెల తప్పి పొత్తికడుపులో ఒక పక్క నొప్పి, స్పృహ తప్పడం ఉంటే ఒక్క గంట కూడా ఆగకండి. గర్భం ట్యూబులో నిలిచి ఉండవచ్చు. పిల్లల ఆపరేషన్ అయినవారిలో కూడా అరుదుగా ఇలా జరుగుతుంది కాబట్టి, "ఆపరేషన్ అయింది కదా" అని కొట్టిపారేయవద్దు.

మామూలు పరీక్షకైతే నెలసరి ఆగిన తర్వాతి వారంలో వస్తే అనుకూలం. రక్తం ఆగకుండా పోతుంటే మాత్రం ఆ లెక్క చూడకండి. పాత కాగితాలు, వాడుతున్న మాత్రల అట్టలు, చివరి నెలసరి తేదీ రాసుకుని తీసుకురండి. పరీక్ష చేసేటప్పుడు పక్కన ఆడ నర్సు ఉంటుంది. పెళ్లి కాని పిల్లలకు లోపలి పరీక్ష చేయరు, పొట్ట మీద నుండే స్కానింగ్ చేస్తారు. ఒక్క సంగతి ముందే చెబుతున్నాను, కోపం తెచ్చుకోకండి. మీతో అంతా మాట్లాడిన తర్వాత, ఐదు నిమిషాలు బయట కూర్చోమని మిమ్మల్ని అడుగుతాము. అత్తగారినైనా, భర్తనైనా, కన్నతల్లినైనా అడుగుతాము. బెంచీ చివర కూర్చున్న ఆవిడ తన బాధ తన నోటితో చెప్పేది చాలాసార్లు ఆ ఐదు నిమిషాల్లోనే.